సున్నా వస్తేనే మంచి మార్కు – పక్షవాతం రోగికి నర్సు వేసే స్కోరు



పరీక్షలో ఎక్కువ మార్కులు వస్తే మనకు సంతోషం. తక్కువ వస్తే సంతోషించాల్సిన పరీక్ష కూడా ఒకటి ఉంది. పక్షవాతం వచ్చిన మనిషికి ఆసుపత్రిలో నర్సులు పెట్టే పరీక్ష అది. మొత్తం మార్కులు 42. సున్నా వస్తే ఆ పరీక్షలో లోపమేదీ కనిపించలేదని అర్థం. 42 వైపు పోయేకొద్దీ ప్రాణాపాయం. మన హాస్టళ్ళలో చదువుకొని జి.ఎన్.ఎం., బి.ఎస్సీ. నర్సింగ్ చేసిన మేము ఈ మార్కులు వేస్తుంటాం. మీలో కొందరు రేపు ఇదే వృత్తిలోకి వస్తారు. రానివారికి కూడా ఇంటి దగ్గర అమ్మానాన్నలు, అవ్వాతాతలు ఉన్నారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఈ పాఠం రాస్తున్నాం.

పక్షవాతం అంటే ఏమిటి?

మెదడుకు రక్తం తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డం పడినా, ఆ నాళం చిట్లి రక్తం కారినా మెదడులో ఆ భాగం పనిచేయడం ఆగిపోతుంది. దీన్నే పక్షవాతం, పెరాలిసిస్, బ్రెయిన్ స్ట్రోక్ అంటున్నాం. మన ఊళ్ళలో "మూతి వంకర పోయింది", "కాలూ చెయ్యీ పడిపోయింది", "మాట పడిపోయింది" అంటారు. గాలి సోకిందనేవారూ ఉన్నారు. జబ్బు చేతిలోనో కాలిలోనో లేదు, మెదడులో ఉంది. మెదడు ఎడమ భాగం దెబ్బతింటే కుడి కాలూ చెయ్యీ పడిపోతాయి. చాలామందికి మాట కూడా పోతుంది. బీపీ, షుగరు, బీడీ సిగరెట్లు, గుండెజబ్బు దీనికి ముఖ్య కారణాలు.

గడ్డ అడ్డం పడిన రకమైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. అది పనిచేస్తుందని 1995లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది. అప్పుడు గడువు 3 గంటలే. 2008లో వచ్చిన మరో పరిశోధనతో అది నాలుగున్నర గంటలకు పెరిగింది. పెద్ద నాళం మూసుకుపోతే సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే వైద్యం కూడా ఇప్పుడు ఉంది. ఎంపిక చేసిన కొందరికి దాన్ని 24 గంటల దాకా చేస్తారు. ఆలస్యమైతే ఏమవుతుందో జెఫ్రీ సేవర్ అనే అమెరికా వైద్యుడు 2006లో లెక్క కట్టి చూపించాడు. పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయి.

ఈ స్కోరు ఎలా వచ్చింది?

కేస్ షీటులో "చెయ్యి కొంచెం బలహీనంగా ఉంది" అని రాస్తే ఎవరికేం అర్థమవుతుంది? పగటి డ్యూటీ నర్సుకు కొంచెమనిపించింది రాత్రి డ్యూటీ నర్సుకు చాలా అనిపించవచ్చు. అప్పుడు రోగి బాగవుతున్నాడా, దిగజారుతున్నాడా అన్నది తేలదు.

1974లో గ్లాస్గో నగర వైద్యులు తెలివి ఎంత ఉందో కొలిచే స్కేలు తయారుచేశారు. దానిలో మార్కులు 3 నుంచి 15 దాకా ఉంటాయి. తలకు దెబ్బ తగిలినవారికి అది బాగా పనికొస్తుంది. పక్షవాతం రోగి మాత్రం పూర్తి తెలివిలో ఉండి కూడా చెయ్యి ఎత్తలేకపోవచ్చు. అందుకని 1989లో అమెరికాలో థామస్ బ్రాట్, ఆయన తోటి వైద్యులు పక్షవాతానికి ప్రత్యేకంగా ఒక స్కేలు ప్రచురించారు. దాన్ని ఎన్.ఐ.హెచ్. స్ట్రోక్ స్కేలు అంటారు. వీడియోలు చూపించి దీన్ని నేర్పే పద్ధతి 1990ల్లో వచ్చింది. సరిగా శిక్షణ పొందితే డాక్టరు వేసినా నర్సు వేసినా మార్కులు దాదాపు ఒకటిగానే వస్తాయి. పరీక్షకు పట్టే సమయం పది నిమిషాల లోపే.

పదకొండు ప్రశ్నలు

1. తెలివి (7 మార్కులు): ఇందులో మూడు భాగాలున్నాయి. మనిషి మెలకువగా ఉన్నాడా లేదా అన్నదానికి 3. ఇది ఏ నెల, నీ వయసెంత అని అడుగుతాం, దీనికి 2. కళ్ళు మూసి తెరువు, బాగున్న చేత్తో పిడికిలి బిగించి వదులు అంటాం, దీనికి 2.

2. కంటి కదలిక (2): కళ్ళు రెండు పక్కలకూ తిరుగుతున్నాయా, ఒక పక్కకే లాగేస్తున్నాయా చూస్తాం.

3. చూపు మేర (3): ఎదురుగా చూడమని, పక్కల నుంచి వేళ్ళు చూపిస్తాం. ఒక పక్క అసలు కనపడకపోవచ్చు.

4. ముఖం (3): పళ్ళు చూపించమంటాం, కనుబొమలు ఎత్తమంటాం. మూతి ఏ పక్కకు పోతుందో తెలిసిపోతుంది.

5. చేతులు (ఒక్కోదానికి 4): పడుకున్న మనిషైతే చెయ్యిని 45 డిగ్రీలు, కూర్చున్నవారైతే 90 డిగ్రీలు ఎత్తి పెట్టి పది అంకెలు లెక్కపెడతాం. నిలిస్తే 0. కిందికి జారినా మంచాన్ని తాకకపోతే 1. ప్రయత్నించినా నిలవక మంచం మీద పడితే 2. ఎత్తే శక్తే లేక వదలగానే పడిపోతే 3. కదలికే లేకపోతే 4.

6. కాళ్ళు (ఒక్కోదానికి 4): 30 డిగ్రీలు ఎత్తి అయిదు అంకెలు లెక్కపెడతాం. మార్కులు పై పద్ధతిలోనే.

7. తడబాటు (2): వేలితో ముక్కును, మా వేలిని మార్చి మార్చి తాకమంటాం. మడమను రెండో కాలి మీద మోకాలి నుంచి కిందికి జరపమంటాం. బలహీనతను మించిన తడబాటు ఉంటేనే మార్కు.

8. స్పర్శ (2): గుండుసూదితో రెండు పక్కలా మెల్లగా గుచ్చి తేడా అడుగుతాం.

9. భాష (3): వస్తువుల పేర్లు చెప్పించి, బొమ్మలో ఏం జరుగుతోందో అడిగి, వాక్యాలు చదివిస్తాం.

10. ఉచ్చారణ (2): మాట స్పష్టంగా ఉందా, ముద్దగా వస్తోందా చూస్తాం.

11. ఒక పక్కను మరచిపోవడం (2): రెండు చేతులనూ ఒకేసారి తాకితే ఒకటే తెలుస్తుంది కొందరికి. కొందరైతే తమ చెయ్యిని తమది కాదంటారు.

అన్నీ కలిపితే 42. 1 నుంచి 4 దాకా స్వల్పం, 5 నుంచి 15 దాకా మధ్యస్థం, 16 నుంచి 20 దాకా కొంత తీవ్రం, 21 గాని అంతకుమించి గాని వస్తే తీవ్రం అని స్థూలంగా చెప్పుకుంటాం.

మార్కులు వేసేటప్పుడు పాటించే నియమాలు

వరుస మార్చకూడదు. చూసింది చూసినట్టు వేయాలి, చేయగలడేమోనన్న ఊహతో వేయకూడదు. నెల, వయసు అడిగినప్పుడు మొదటి జవాబే లెక్క. మంచం పక్కనున్న కోడలు "ఆషాఢం గదా మామా, చెప్పు" అని అందించబోతుంది. ఆమెది ప్రేమే గాని, ఆ మాటతో పరీక్ష చెడిపోతుంది. మర్యాదగా ఆగమనాలి. వయసు ఒకటి రెండేళ్ళు తప్పినా తప్పే. చెయ్యి ఎత్తు, కళ్ళు మూయి అన్నప్పుడు మాత్రం అర్థం కాకపోతే మనం చేసి చూపించవచ్చు.

మన ప్రాంతంలో ఎదురయ్యే చిక్కులు

స్కేలు అమెరికాలో పుట్టింది. రోగి పుల్లలచెరువులోనో రాచర్లలోనో పుట్టాడు. ఆ తేడాను నర్సు తెలుసుకొని ఉండాలి.

మొదటిది వయసు. "పెద్ద కరువు నాడు పుట్టినా" అనే తాతను వయసెంత అంటే ఏం చెబుతాడు? జబ్బుకు ముందు ఆయనకు తన వయసు తెలుసా అని ఇంటివాళ్ళను వేరుగా అడుగుతాం. మార్కు నియమం ప్రకారమే వేసి, ఆ సంగతి పక్కన రాస్తాం. నెలను ఇంగ్లీషులో చెప్పకుండా శ్రావణం, కార్తీకం అని చెప్పినా, అది సరైనదైతే సరైన జవాబే.

రెండోది చదువు. స్కేలుతో వచ్చే బొమ్మల్లో చేతి తొడుగు, తాళంచెవి, బొమ్మజెముడు, కుర్చీ, ఈక, తాళ్ళ ఉయ్యాల ఉంటాయి. బొమ్మజెముడు మన పొలాల గట్ల మీదే ఉంది గాని, చేతి తొడుగు ఎంతమంది అవ్వలకు తెలుసు? చదువురానివారికి వాక్యాలు చదివించలేం. చేతికి వస్తువు ఇచ్చి పేరు అడగవచ్చు, మనం అన్న మాట తిరిగి అనిపించవచ్చు, ఇంటి సంగతులు మాట్లాడించవచ్చు. చదువు లేకపోవడం వేరు, మాట పోవడం వేరు. ఈ రెండూ కలిపేస్తే రోగికి లేని జబ్బు అంటగట్టినవాళ్ళమవుతాం.

మూడోది ఫ్లోరైడు. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి మోకాళ్ళు, నడుము బిగుసుకుపోయినవారు ఎందరో. అలాంటివారు కాలు ఎత్తకపోతే అది మెదడు వల్లనా, కీలు వల్లనా? కీలు పూర్తిగా బిగుసుకుపోయి కదలనే కదలకపోతే ఆ కాలికి అంకె వేయకుండా "పరీక్షించడం వీలుకాదు" అని రాసి కారణం చెప్పమంటుంది స్కేలు. నొప్పి ఒక్కటే అయితే కనిపించినదానికి మార్కు వేసి, నొప్పి సంగతి కూడా రాస్తాం.

ఒక లెక్క చేద్దాం

మిరపచేలో పనిచేస్తున్న ఒక అమ్మకు కుడి చెయ్యి పడిపోయిందనుకుందాం. మెలకువగా ఉంది: 0. నెల చెప్పింది, వయసు తప్పింది: 1. చెప్పిన పని చేసింది: 0. కంటి కదలిక, చూపు మేర బాగున్నాయి: 0. మూతి కింది భాగం బాగా వంకర పోయింది: 2. కుడి చెయ్యి వదలగానే పడిపోయింది: 3. కుడి కాలు నిలవక మంచం మీద పడింది: 2. ఎడమ పక్క బాగుంది: 0. తడబాటు లేదు: 0. కుడి పక్క స్పర్శ తగ్గింది: 1. కొన్ని మాటలు దొరకడం లేదు: 1. మాట కొంచెం ముద్దగా ఉంది: 1. ఏ పక్కనూ మరచిపోలేదు: 0. మొత్తం 11.

ఇప్పుడు ఈ 11 ఏం చేస్తుందో చూడండి. మార్కాపురం నుంచి పొదిలి మీదుగా ఒంగోలు సుమారు 95 కిలోమీటర్లు. గిద్దలూరు వాళ్ళు నంద్యాలకు పోవాలంటే దిగువమెట్ట వైపు నల్లమల ఘాట్ రోడ్డు మీద 60 కిలోమీటర్లకు పైగా పోవాలి. రోగిని పంపే చీటీలో "కాలు చెయ్యి బలహీనం" అని ఉంటే అక్కడివాళ్ళు మళ్ళీ మొదటికి రావాలి. "ఉదయం 8 గంటలకు బాగుంది, 9.10కి స్కోరు 11" అని ఉంటే అక్కడ దిగేసరికి ఆమె స్కోరు 15 అయితే దారిలో దిగజారిందని వెంటనే తెలుస్తుంది. 95 కిలోమీటర్ల అవతల ఉన్న నర్సుకు మన కళ్ళు అప్పగించినట్టే ఆ అంకె.

ఇంజెక్షన్ ఇచ్చాక అసలు కాపలా మొదలవుతుంది. మొదటి 2 గంటలు ప్రతి 15 నిమిషాలకూ, తర్వాతి 6 గంటలు అరగంటకొకసారీ, ఆపైన 24 గంటలు నిండేదాకా గంటకొకసారీ బీపీ, కాళ్ళూ చేతులూ, తెలివీ చూస్తూ ఉండాలి. బీపీ 180/105 దాటకూడదు. స్కోరు 4 గాని అంతకుమించి గాని పెరిగినా, విపరీతమైన తలనొప్పి, వాంతులు మొదలైనా మెదడులో రక్తం కారుతోందేమోనని డాక్టరును వెంటనే పిలవాలి, మళ్ళీ స్కాన్ తీయాలి. అర్ధరాత్రి వార్డులో ఆ మార్పును ముందుగా చూసేది నర్సే.

స్కోరు చెప్పలేని సంగతులు

అది గడ్డా, రక్తస్రావమా అన్నది స్కోరు చెప్పదు. సిటీ స్కాన్ చెప్పాలి. మెదడు వెనుక భాగంలో వచ్చే పక్షవాతంలో తల తిరగడం, నడవలేకపోవడమే ఉండి స్కోరు సున్నా రావచ్చు. అందుకే రోగిని నడిపించి చూడకుండా "ఏమీ లేదు" అనకూడదు. ఎడమ మెదడు దెబ్బతింటే భాషకు సంబంధించిన ప్రశ్నల వల్ల మార్కులు ఎక్కువ పడతాయి, కుడి మెదడుకు అంతే దెబ్బ తగిలినా తక్కువ పడవచ్చు. షుగరు బాగా పడిపోయినా పక్షవాతంలాగే కనిపిస్తుంది, కాబట్టి ముందు వేలు గుచ్చి షుగరు చూస్తాం.

మీరు చేయాల్సింది

మీరు మార్కులు వేయనక్కరలేదు. మూడు సంగతులు చూడండి: నవ్వమంటే మూతి వంకర పోతోందా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి జారిపోతోందా, మాట ముద్దగా వస్తోందా. ఏ ఒక్కటి ఉన్నా గడియారం చూడండి. మనకు దొరికిన గంట కాదు ముఖ్యం, ఆ మనిషి చివరిసారిగా బాగున్న గంట. తెల్లవారి లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, రాత్రి పడుకున్న గంటే లెక్క. ఆ గంట తెలియక ఇంజెక్షన్ అందకుండా పోయేవారున్నారు. నాలుగో తరగతి చదివే పిల్లవాడు చెప్పగలిగిన ఆ గంట ఎంత పెద్ద డాక్టరుకూ తనంతట తెలియదు.

వెంటనే 108కి ఫోన్ చేయండి. 2005లో మన రాష్ట్రంలో మొదలైన సేవ అది. నోట్లో నీళ్ళు, సోడా, మాత్రలు ఏవీ పోయకండి, వేయకండి. మింగే శక్తి పోయి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆసుపత్రిలో మేము కూడా మింగడం పరీక్షించాకే గుక్కెడు నీళ్ళిస్తాం. పావురం రక్తం పూయడం, నాటుమందుకు తీసుకుపోవడం వంటివాటితో ఆ నాలుగున్నర గంటలు పోగొట్టుకోకండి. వాడుతున్న బీపీ, షుగరు మాత్రల కవరు వెంట తీసుకుపోండి. చివరిసారి బాగున్నప్పుడు చూసిన మనిషి కూడా వెంట ఉండాలి, లేదా ఆ మనిషి ఫోన్ నంబరైనా చేతిలో ఉండాలి.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఈ పేజీ అమ్మానాన్నలకు చదివి వినిపించండి. బీపీ చూపించుకొని ఎన్నాళ్ళయిందో అడగండి. నర్సింగులో చేరబోయే చెల్లెళ్ళు, తమ్ముళ్ళు ఈ పదకొండు ప్రశ్నలూ వరుసగా నోటికి నేర్చుకోండి. మీరు వేసే ఒక్కో మార్కు వెనుక ఒక ఇంటి పెద్దదిక్కు ఉంటుంది. ఆ మనిషి తన చేత్తో తాను అన్నం కలుపుకొని తినేదాకా మన డ్యూటీ ఉన్నట్టే.