డొంక కింద తూము ఎంత ఉండాలి?

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలులో కిటికీ పక్కన కూర్చుని చూడండి. రైలు కట్ట కింద, రోడ్ల కింద, పొలాల డొంకల కింద ఎన్నో తూములు, కల్వర్టులు కనిపిస్తాయి. కృష్ణా పశ్చిమ డెల్టాలో చేలకు నీరు తెచ్చే కాలువలతో పాటు, మిగిలిన నీటిని సముద్రానికి చేర్చే మురుగు కాలువలు కూడా అల్లుకుని ఉన్నాయి. డొంకను మెరక చేసి రోడ్డు వేసేటప్పుడు వాటికి చాలినంత దారి వదలాలి. లేకుంటే రోడ్డే ఆనకట్ట అవుతుంది. ఎగువ రైతు వరి మునుగుతుంది.

చాలినంత అంటే ఎంత? ముందు ఇప్పుడు పారే నీటిని కొలుద్దాం. గట్టు మీద 20 మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతి, నీటిలో ఒక బెండు ముక్క వేయండి. (పెద్దవారు తోడు లేకుండా కాలువలోకి దిగవద్దు.) అది ఆ దూరం పోవడానికి 50 సెకన్లు పట్టిందనుకుందాం. పైనీటి వేగం సెకనుకు 0.4 మీటరు. అడుగున, గట్ల వెంట ఒరిపిడి వల్ల నీరు నెమ్మదిస్తుంది కనుక దీనిని 0.85తో గుణించాలి. కాలువ వెడల్పు 3 మీటర్లు, సగటు లోతు అర మీటరు అయితే ప్రవాహం సెకనుకు సుమారు 0.5 ఘనపు మీటరు.

అయితే తూము ఈ నీటికే సరిపోతే చాలదు. 100 హెక్టార్ల మీద, అంటే దాదాపు 250 ఎకరాల మీద, ఒక రోజులో 10 సెంటీమీటర్ల వాన కురిస్తే లక్ష ఘనపు మీటర్ల నీరు. చేలు నిండి ఉండి అదంతా ఒక రోజులో పోవాలంటే సెకనుకు 1.16 ఘనపు మీటర్లు, ఇంచుమించు 41 క్యూసెక్కులు. మీటరు వ్యాసం గల ఒక్క తూములోంచి ఇది పోవాలంటే నీరు సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో పరుగెత్తాలి. ఆ వేగం రావడానికి ఎగువ నీరు దిగువ కంటే దాదాపు 20 సెంటీమీటర్లు ఎత్తుగా నిలవాలి. వరి దుబ్బుకు అది చిన్న సంగతి కాదు!

రెండు తూములు వేస్తే? వేగం సగమవుతుంది. కావలసిన ఎత్తు మాత్రం సగం కాదు, నాలుగో వంతుకు, అంటే 5 సెంటీమీటర్లకు పడిపోతుంది. ఎత్తు వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కనుక రెండో తూము ఖర్చు దండగ కాదు.

కొండ ప్రాంతంలో లెక్క ఇక్కడితో ముగియవచ్చు. మనది పల్లపు నేల. తెనాలి సముద్రమట్టానికి సుమారు 11 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రం దాదాపు 40 కిలోమీటర్ల దూరం. కిలోమీటరుకు 30 సెంటీమీటర్ల వాలు కూడా లేదు. రేపల్లె, బాపట్ల దిగువన తీరం దగ్గరకు పోతే ఆటుపోట్లు కూడా లెక్కలోకి వస్తాయి. పోటు వచ్చినపుడు దిగువ మట్టం లేచి ప్రవాహం ఆగిపోతుంది. రోజులో 12 గంటలు అలా ఆగితే అంత నీరూ మిగిలిన 12 గంటలలోనే పోవాలి. అప్పుడు మన రెండు తూములలోనూ వేగం మళ్లీ ఒకటిన్నర మీటర్లు, ఎగువన మళ్లీ 20 సెంటీమీటర్లు!

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అటువంటి రోజున 10 సెంటీమీటర్ల లెక్క ఏమాత్రం ఆనదు. అందుకే తూము చోటు చూడబోయినపుడు టేపు ఒక్కటే పట్టుకుపోతే లాభం లేదు. వరద మట్టం ఎంతవరకు వచ్చిందో ఆ చేల రైతులను అడగాలి. గోడల మీద, చెట్ల మొదళ్ల మీద మిగిలిన బురద చార చూడాలి. ఇక గుర్రపుడెక్క! అది తూము మూతికి అడ్డుపడితే మన లెక్కలో ఉన్న దారి నేల మీద ఉండదు. కనుక వానలకు ముందు ఒకసారి, పంట పొట్టమీద ఉండగా మరొకసారి దానిని తీయించాలి.