పాఱవేయు ఆకులోని ఆహారము



గతసంవత్సరము మన పాఠశాల తోటలో, ఇంట నిలువచేసిన ముల్లంగి విత్తనములు చల్లగా, అవి మిక్కిలి ఒత్తుగా మొలచెను. కొన్ని మొలకలను పెఱికివేయనిచో దేనికిని దుంప యూరదని నేను బోధింపగా, బాలురు గంపెడు మొలకలను పెఱికి గోడ యవతల పాఱవేసిరి. వసతిగృహమున వంటచేయు నామె వాని నేరికొని వచ్చి, కడిగి, కందిపప్పులో వేసి వండి, ఆ రాత్రి మాకే వడ్డించెను. పెఱుకుట నేర్పితిని గాని తినుట నేర్పనైతినని నాకు సిగ్గు కలిగెను. ఆ లోపమును దీర్చుటకే యీ పాఠము.

మన తల్లులు బీరకాయ తొక్కును పచ్చడి చేయుదురు. తోటకూర కాడలను పులుసులో వేయుదురు. ఇంత పొదుపెఱిగిన యిండ్లలోనే ముల్లంగి దుంపను దాచుకొని ఆకును త్రుంచి పాఱవేయుట వింత గదా! పెక్కుచోట్ల కాయకంటెను, దుంపకంటెను ఆకే బలమైన యాహారము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి పాత పట్టికలను బట్టి, 100 గ్రాముల మునగకాయలలో కాల్షియము 30 మిల్లీగ్రాములు మాత్రమే యుండగా, అంతే మునగాకులో 440 మిల్లీగ్రాములు గలదు. ఎముకలకును దంతములకును గట్టిదన మిచ్చునది యిదియే. ముదురుపచ్చని యాకులలో కెరోటిను అను పదార్థము గూడ నుండును. దానినుండి శరీరము ఎ విటమినును చేసికొనును. ఈ విటమిను చాలనిచో పిల్లలకు రేచీకటి కలుగును. ముదిరినచో చూపే పోవచ్చును. కావున పెంటకుప్పపై బడిన ఆకుకట్టను చులకనగా జూడరాదు.

అయితే ప్రతి యాకును తినదగినది కాదు. ముల్లంగి, బీట్‌రూటు, గుమ్మడి, మునగ ఆకులను, మెంతి, తోటకూర, కొత్తిమీర లేతమొలకలను తినవచ్చును. టమాటా, వంగ, బంగాళాదుంప మొక్కల ఆకులను, నారును తినరాదు. వానిలో హానికరమైన పదార్థములు గలవు. మందు పట్టించిన విత్తనముల మొలకలను గూడ ముట్టవలదు.

ఆకులను కోయుటకు ముందే మూడునాలుగు నీళ్లలో కడుగవలెను. కోసిన పిదప కడిగినచో సి విటమిను కొంత నీటిపాలగును. ముల్లంగి యాకు కొంచెము ఘాటు. పప్పుతో నుడికించి, చింతపండు రసము చేర్చి, వెల్లుల్లితో తాలింపు పెట్టినచో ఆ ఘాటణగును. తాలింపులోని నూనె రుచికొఱకే కాదు. కెరోటిను ఒంటబట్టుటకు కొంత క్రొవ్వు కావలెను.

సెలవులలో ఒక వారముపాటు మీ వంటయింటినుండి బయటకు పోవు ఆకులను, కాడలను, తొక్కలను తూచి వ్రాసియుంచుడు. వానిలో తినదగినవేవో పెద్దల నడిగి వండించుకొనుడు. తక్కినవానిని ఎరువుగోతిలో వేయుడు. బడి తెఱచిననాడు ఆ లెక్కలను తరగతిలో చదువుదము.