కంప్యూటర్‌ను తినేస్తున్నదెవరు? లైనక్స్ వాడే ఇళ్లకు చిట్కాలు

జహీరాబాద్ దగ్గర మాచ్నూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. పల్లె పాటకు, విత్తనాల ముచ్చటకు మైకు దొరికిన నేల ఇది. ఇక్కడ నాయనమ్మ పాటలు ఫోనులో రికార్డు చేసి, ఇంట్లో పాత కంప్యూటర్లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌తో చిన్న ఫైళ్లుగా మార్చి దాచుకోవాలనుకునేవాళ్ల కోసం ఈ చిట్కాలు. మార్పిడి నడుస్తుండగా మౌస్ కదలడం లేదని స్విచ్ కట్టేయకండి. ముందు తింటున్నదెవరో పట్టుకోండి.

1. టెర్మినల్‌లో టాప్ అని కొట్టండి. షిఫ్ట్ పట్టుకుని పి నొక్కితే సీపీయూ ఎక్కువ వాడేవి, ఎం నొక్కితే మెమరీ ఎక్కువ పట్టేవి పైకొస్తాయి. అంకెలు రెండు మూడు సార్లు మారేదాకా ఆగి, అప్పుడు నమ్మండి.

2. సీపీయూ 100 శాతం దాటిందని హడలిపోవద్దు. అది ఒక్క కోరు లెక్క. నాలుగు కోర్లుంటే ఒకే ప్రోగ్రామ్ 400 దాకా చూపించవచ్చు.

3. పీఎస్ అనే కమాండ్ చూపే సీపీయూ శాతం ఈ క్షణానిది కాదు, ప్రోగ్రామ్ మొదలైనప్పటి నుంచి సగటు. రెండు గంటలు ఊరికే పడి ఉన్న బ్రౌజరు గత ఐదు నిమిషాలుగా ఒక కోరును పూర్తిగా నమిలేస్తోందనుకోండి. 125 నిమిషాల్లో 5 నిమిషాలు, అంటే పీఎస్ 4 శాతమే అంటుంది. అదే సమయంలో టాప్ 100 చూపిస్తుంది. దొంగ దొరక్కుండా పోయేది ఎక్కువగా ఇక్కడే.

4. కచ్చితమైన లెక్క కావాలంటే కరెంటు మీటరులాగే రెండు రీడింగులు తీసుకోండి. ప్రతి ప్రోగ్రామ్‌కూ పీఐడీ అనే నంబరు ఉంటుంది. ప్రాక్ ఫోల్డరులో ఆ నంబరు కింద స్టాట్ అనే ఫైలు తెరవండి. అందులో 14వ గడిలోని అంకె ప్రోగ్రామ్ సొంత పనికి, 15వ గడిలోనిది దాని తరఫున కెర్నల్ చేసిన పనికి పట్టిన సీపీయూ సమయం. రెండూ కలిపి రాసుకోండి. పది సెకన్లాగి మళ్లీ చూసి, తేడా తీయండి. లెక్క టిక్కుల్లో ఉంటుంది. మామూలుగా సెకనుకు 100. తేడా 640 వస్తే పది సెకన్లలో 6.4 సెకన్లు, అంటే ఒక కోరులో 64 శాతం. ఒక మెలిక ఉంది: రెండో గడిలో బ్రాకెట్ల మధ్య ప్రోగ్రామ్ పేరుంటుంది, పేరులో ఖాళీలుంటే వరస తప్పుతుంది. చివరి బ్రాకెట్ తర్వాతది మూడోదని లెక్కపెట్టుకోండి. ఇంత ఓపిక లేనివాళ్లు సిస్‌స్టాట్ ప్యాకేజీ వేసుకుంటే, అందులోని పిడ్‌స్టాట్ ఈ తీసివేత తనే చేసిపెడుతుంది.

5. బ్రౌజరు ముక్కల ఆర్ఎస్ఎస్ (ఒక్కోటి ర్యామ్‌లో పట్టిన చోటు) అంకెలన్నీ కూడితే మొత్తం ర్యామ్‌ను మించిపోవచ్చు. నాలుగు ముక్కలు పంచుకునే మెమరీని ఆర్ఎస్ఎస్ నాలుగుసార్లు లెక్కేస్తుంది. పంచుకున్నదాన్ని వాటాలు వేసి చెప్పేది పీఎస్ఎస్. కెర్నల్ 4.14 నుంచి ప్రాక్‌లో ఆ పీఐడీ కింద ఉండే స్మ్యాప్స్ రోలప్ ఫైలులో ఆ మొత్తం ఒక్కచోటే దొరుకుతుంది.

6. పాటలన్నిటినీ వరసగా మార్చే స్క్రిప్టును చూస్తే ఏమీ తిననట్టే ఉంటుంది. తినేది అది పుట్టించిన ఎఫ్ఎఫ్ఎంపెగ్. పిల్ల ప్రోగ్రామ్ ముగిసి, తల్లి దాని ఫలితం అందుకున్నాకే ఆ ఖర్చు తల్లి ఖాతాకు చేరుతుంది. అందాకా పిల్లలను విడిగా చూడాల్సిందే.

7. ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే ఒక మాట: 1983 నాటి 4.2 బీఎస్‌డీ నుంచి ఉన్న గెట్ ఆర్‌యూసేజ్ అనే సిస్టమ్ కాల్ దాన్ని పిలిచిన ప్రోగ్రామ్ లెక్క, ముగిసిన దాని పిల్ల ప్రోగ్రామ్‌ల లెక్క మాత్రమే చెబుతుంది. పక్క ప్రోగ్రామ్ గురించి దాన్ని అడగలేం. మాక్‌లో ప్రాక్ ఫోల్డరే లేదు. అక్కడ యాక్టివిటీ మానిటర్ చూసుకోవాలి.

8. సీపీయూ ఖాళీ, ర్యామ్ ఖాళీ, అయినా పని సాగడం లేదా? టాప్‌లో ఎస్ అని ఉన్న నిలువు వరసలో డి అక్షరం చాలాసేపు నిలిచిందేమో చూడండి. చాలాసార్లు ఆ ప్రోగ్రామ్ డిస్కు కోసం ఎదురుచూస్తోందని అర్థం. ఐఓటాప్‌ను సుడోతో నడిపితే డిస్కును వాయించేస్తున్నదెవరో పేరుతో సహా తెలుస్తుంది. పాత హార్డ్ డిస్కుల్లో రెండు మార్పిడులు ఒకేసారి పెట్టకుండా, ఒకటయ్యాక ఒకటి నడపండి.