చేతి కానుక

పాఠ్య పరిచయం: పండుగనాడు ఇంట్లో చేసిన పదార్థాలను ఇరుగుపొరుగు వారికీ, స్నేహితులకూ పంచడం మన దేశంలో అన్ని ప్రాంతాల్లోనూ ఉన్న ఆచారం. మహారాష్ట్రలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబంలో సంక్రాంతికి తయారైన కానుక కథ ఈ పాఠం.

సోలాపూర్ చద్దర్లకూ, తువ్వాళ్లకూ పేరు పొందిన నగరం. తెలంగాణ జిల్లాల నుండి కొన్ని తరాల క్రితం వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ వేల సంఖ్యలో ఉన్నాయి. మగ్గాల చప్పుడు మధ్య ఆ వీధుల్లో నేటికీ తెలుగు మాట వినిపిస్తుంది. అటువంటి ఒక వీధిలో ఒక చిన్న ఇల్లు. తండ్రి తువ్వాళ్ల కార్ఖానాలో పని చేస్తాడు. తల్లి ఇంటి దగ్గరే బీడీలు చుడుతుంది. వంటపని బాపమ్మది. ఆ ఇంటి అమ్మాయి తెలుగు మాధ్యమంలో ఏడో తరగతి చదువుతోంది.

పక్కింటి వారు మరాఠీ వారు. ఆ ఇంట్లోని అమ్మాయిదీ ఈమె వయసే. ఇద్దరూ చిన్ననాటి నుండి స్నేహితులు. అయితే ఆ సంక్రాంతికి పది రోజుల ముందు నుండి వాళ్ల మధ్య మాటల్లేవు.

జరిగింది ఇది. ఒకనాటి సాయంత్రం ఈ అమ్మాయి స్నేహితురాలి సైకిలు అడిగి తీసుకున్నది. మలుపులో సైకిలు పడిపోయి, దాని గంట పగిలింది. ఆమె ఎవరికీ చెప్పకుండా సైకిలును తెచ్చి గోడకు ఆనించి వెళ్లిపోయింది. మరునాడు స్నేహితురాలు అడిగితే, "నాకు తెలియదు" అన్నది. ఆ గంట కోసం స్నేహితురాలు ఇంట్లో తిట్లు తిన్నది.

పండుగ దగ్గర పడింది. అమ్మాయి తన డబ్బీలోని డబ్బులు లెక్కపెట్టుకున్నది. యాభై రూపాయలున్నాయి. దుకాణంలో నచ్చిన బొమ్మ వెల నూట ఇరవై. ముఖం చిన్నబుచ్చుకొని కూర్చున్న మనవరాలిని చూసి బాపమ్మ సంగతి అడిగింది. అమ్మాయి దాచుకోలేక అంతా చెప్పేసింది.

బాపమ్మ కోప్పడలేదు. "బొమ్మ కొనిస్తే గంట సంగతి మరిచిపోతుందనుకున్నావా, బిడ్డా? తప్పు నీది. కాబట్టి కానుక కూడా నీ చేతిదే కావాలి. ఆ యాభై రూపాయలు గంటకు ఇయ్యి. నువ్వుల ఉండలు నువ్వే చెయ్యి. పొయ్యి దగ్గర నేనుంటాను" అన్నది.

నువ్వుల ఉండలకు కావలసినవి: నువ్వులు పావు కిలో, బెల్లం 200 గ్రాములు, ఏలకులు నాలుగు, నెయ్యి రెండు చెంచాలు, కొద్దిగా నీళ్లు. వీటితో సుమారు 30 చిన్న ఉండలు అవుతాయి.

బాపమ్మ చెప్పిన ప్రకారం అమ్మాయి మొదట నువ్వుల్లో రాళ్లు, మట్టి లేకుండా ఏరింది. మందపాటి మూకుడులో సన్నని సెగ మీద వేయించింది. నువ్వులు చిటపటలాడి, కమ్మని వాసన రాగానే పళ్లెంలో పోసింది. నువ్వుల్లో దాదాపు సగం నూనె ఉంటుంది. అందువల్ల సెగ ఎక్కువైతే త్వరగా మాడి చేదెక్కుతాయి.

తరువాత బెల్లం పొడిచేసి, కొద్దిగా నీళ్లు పోసి కరిగించింది. కరిగిన బెల్లాన్ని వడగట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టింది. పాకం బుడగలు వస్తుండగానే తొందరపడి దింపి, సగం నువ్వులు కలిపింది. ఉండలు కట్టబోతే కట్టుకోలేదు. చేతికి జిగురుగా అంటుకొని, పళ్లెంలో జారిపోయాయి.

అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "పాకం ముదరలేదు, అంతే. పారేయకు" అని బాపమ్మ ఆ ముద్దను మళ్లీ మూకుట్లో వేయించి, సన్నని సెగ మీద కలపమన్నది. ఈసారి ఒక గిన్నెలో చల్లని నీళ్లు దగ్గర పెట్టించింది. "పాకం చుక్క నీళ్లల్లో వెయ్యి. కరిగిపోతే ఇంకా కావాలి. మెత్తగా సాగితే ఇంకొంచెం ఆగాలి. వేలితో తీస్తే గట్టి ఉండ కావాలి. ఆ ఉండ పళ్లానికి తగిలితే టంగుమనాలి. అదే ఉండ పాకం" అని చెప్పింది.

మూడోసారి వేసిన చుక్క గట్టిగా ఉండ అయింది. పళ్లెంలో వేస్తే టంగుమన్నది. వెంటనే మూకుడు దింపి, మిగిలిన నువ్వులూ, ఏలకుల పొడీ కలిపింది. వేడి తగ్గితే ముద్ద గట్టిపడిపోతుంది. మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. అందుకని బాపమ్మ ముద్దను చెంచాతో కొంచెం కొంచెం తీసి, చెయ్యి ఓర్చే వేడికి రాగానే అందించింది. అమ్మాయి అరచేతులకు నెయ్యి రాసుకొని, గబగబా ఉండలు చుట్టింది. తల్లి కూడా బీడీల చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కొని వచ్చి కూర్చున్నది. ఆమె పది కట్టే లోపల కూతురు నాలుగు కట్టింది.

ఇక సంచి. తండ్రి కార్ఖానా నుండి తెచ్చిన గుడ్డ ముక్కల్లో 40 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు గల ముక్కను అమ్మాయి ఎంచుకున్నది. మంచి వైపు లోపలికి ఉండేటట్లు దాన్ని నడిమికి మడిచింది. రెండు పక్కలా కుట్టి, పైన మూడు సెంటీమీటర్లు కుట్టకుండా వదిలింది. ఆ పై అంచులను రెండింటినీ వేరువేరుగా బయటికి మడిచి కుట్టింది. మడతలో తాడు దూర్చి, సంచిని తిరగేసింది. తాడు లాగితే మూతి ముడుచుకున్నది. ఉండలు గుడ్డకు అంటుకోకుండా, కడిగి తుడిచిన అరటాకులో పది ఉండలు చుట్టి సంచిలో పెట్టింది. పాత వార్తాపత్రికలో చుట్టనివ్వలేదు బాపమ్మ. అచ్చు సిరా తినే వస్తువుకు అంటుకోకూడదు.

చివరిది ఉత్తరం. ఇంట్లో ఉన్న పాత పెళ్లి పత్రిక వెనుక వైపు ఖాళీగా ఉంది. దాన్ని అరచేతి అంత కత్తిరించి, ఒక ఎండిన చిన్న ఆకు అంటించింది. రాయడానికి చాలాసేపు పట్టింది. చివరకు మొదటి వరుస తెలుగులో, దాని కింద అదే మాట మరాఠీలో రాసింది. "గంట పగలగొట్టింది నేనే. అబద్ధం చెప్పాను. క్షమించు." యాభై రూపాయల నోటును దానికి గుచ్చింది.

మహారాష్ట్రలో సంక్రాంతినాడు నువ్వులు, బెల్లం కలిపి చేసిన తిళ్‌గూళ్ పంచుతూ, "తిళ్‌గూళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అంటారు. నువ్వులు బెల్లం తీసుకోండి, తియ్యతియ్యగా మాట్లాడండి అని దాని అర్థం. పండుగనాటి ఉదయం అమ్మాయి పక్కింటి గడప దగ్గర నిలబడి ఆ మాట అనబోయింది. గొంతు పెగల్లేదు. సంచి చేతిలో పెట్టి ఊరుకున్నది. స్నేహితురాలు ఉత్తరం చదివింది. ఏమీ అనలేదు. సంచి తీసుకొని లోపలికి వెళ్లింది.

ఆ రోజంతా అమ్మాయి మనసు మనసులో లేదు. సాయంత్రం స్నేహితురాలే వచ్చింది. చేతిలో అదే సంచి ఉంది. పక్కింటి వారిచ్చిన పాత్రను ఖాళీగా తిరిగి పంపరు కదా! సంచిలో వాళ్లమ్మ చేసిన గూళ్‌పోళీలు ఉన్నాయి. వాటితో పాటు ఒక కాగితం ముక్క ఉంది. దాని మీద అమ్మాయి పేరు తెలుగు అక్షరాల్లో వంకరటింకరగా రాసి ఉంది. ఉత్తరంలోని అక్షరాలు చూసి, తల్లిని అడిగి, పక్కింటి తెలుగు పెద్దాయనతో సరిచూపించుకొని రాసిందట.

యాభై రూపాయలు మాత్రం తిరిగి రాలేదు. మరునాటికి సైకిలుకు కొత్త గంట వచ్చింది. అది విని బాపమ్మ, "మంచిదే బిడ్డా, లెక్క తీరింది. ఇక సైకిలు ధైర్యంగా అడగవచ్చు" అన్నది.

ఇతర ప్రాంతాల్లో: కర్ణాటకలో సంక్రాంతికి నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుశెనగ పప్పు, పుట్నాలు కలిపి 'ఎళ్ళు బెల్ల' పంచుతారు. పంచదార అచ్చులూ, చెరకు ముక్కలూ తోడుగా ఇస్తారు. ఒడిశాలో కొత్త బియ్యం, కొబ్బరి, బెల్లం, అరటిపండు మొదలైనవి కలిపి 'మకర చౌళ' చేస్తారు. తమిళనాడులో కొత్త బియ్యం, పెసరపప్పు, బెల్లంతో పొంగలి వండుతారు. గోదావరి తీరాన ఉన్న యానాంలోనూ, ఆ చుట్టుపక్కలా అరిసెలు ప్రసిద్ధి. తెలంగాణలో బియ్యపు పిండి, నువ్వులు, వాము కలిపి సకినాలు చుడతారు. జనవరిలో చలి ఉంటుంది. కొత్త బెల్లం చేతికి వచ్చే కాలం కూడా అదే. అందుకే ఈ పిండివంటల్లో నువ్వులు, బెల్లం తరచుగా కనిపిస్తాయి.

కొత్త పదాలు – అర్థాలు
బాపమ్మ = నాయనమ్మ (తెలంగాణ ప్రాంత వాడుక)
కార్ఖానా = వస్తువులు తయారుచేసే చోటు
మూకుడు = వేయించడానికి వాడే వెడల్పాటి పాత్ర
గొంతు పెగలకపోవు = మాట బయటికి రాకపోవు
గూళ్‌పోళీ = లోపల నువ్వులు, బెల్లం పెట్టి కాల్చే మరాఠీ వారి తీపి రొట్టె

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు జవాబులు రాయండి.
1. స్నేహితురాళ్ల మధ్య మాటలు ఎందుకు ఆగిపోయాయి?
2. మొదటిసారి ఉండలు ఎందుకు కట్టుకోలేదు? బాపమ్మ దాన్ని ఎలా సరిచేయించింది?
3. "తప్పు నీది. కాబట్టి కానుక కూడా నీ చేతిదే కావాలి" అని బాపమ్మ ఎందుకు అన్నది?
4. యాభై రూపాయలు తిరిగి ఇవ్వకపోవడం మంచిదే అని బాపమ్మ ఎందుకు అనుకున్నది? మీ అభిప్రాయం ఏమిటి?

ఆ. కింది పదాలను సొంత వాక్యాల్లో ఉపయోగించండి.
చిటపటలాడు, ముఖం చిన్నబుచ్చుకొను, వంకరటింకర, ఇరుగుపొరుగు

ఇ. చేసి చూడండి.
1. పాఠంలోని కొలతల ప్రకారం ఒక గుడ్డ సంచి కుట్టండి.
2. మీ ఇంట్లో పండుగకు చేసే ఒక పిండివంటను పెద్దల దగ్గర అడిగి తెలుసుకొని, వరుస క్రమంలో రాయండి. పొయ్యి దగ్గర పని పెద్దలు తోడుగా ఉన్నప్పుడే చేయండి.
3. మీ ప్రాంతపు భాష మాట్లాడే స్నేహితునికి లేదా స్నేహితురాలికి రెండు భాషల్లో ఒక చిన్న శుభాకాంక్షల పత్రం తయారుచేయండి.