ల్యాప్‌టాపు దార్ఢ్యము: పాతదియా, కొత్తదియా?

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" యని సామెత. ఇది మానవస్వభావమును తెలుపునదే గాని వస్తువుల మంచిచెడ్డలను నిర్ణయించునది కాదు. మన ఇండ్లలోని పెద్దలు కుండను కొనునపుడు దానిని వ్రేలితో కొట్టి, నాదము విని, పగులు లేదని తెలిసికొని కొనెడివారు. నేడు పిల్లల చదువునకు వేల రూపాయలు పోసి ల్యాప్‌టాపును కొనువారు కుండకు చేయునంత పరీక్షయైనను చేయకున్నారు. మెఱుగును, వెలను మాత్రమే చూచుచున్నారు. ఈ లోపమును కొంతవఱకైనను తొలగింపవలెనని ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ఇందులకు ప్రేరకమైన సంగతి యొకటి కలదు. మా పూర్వవిద్యార్థిని యొకతె పై చదువునకు చేరినపుడు ఆమె తండ్రి పాడియావు నమ్మి సరికొత్త ల్యాప్‌టాపును కొనితెచ్చెను. అది పలుచనిది, వెండివలె మెఱయునది. ఎనిమిది నెలలు గడవకమునుపే తెర తెరచుచుండగా ఎడమప్రక్క మడతబందు పెళ్లున ఊడి, దానితోపాటు పెట్టె అంచు కూడ చీలినది. ఆ తండ్రి దానిని గుడ్డలో చుట్టి మా యొద్దకు తెచ్చి, "అయివారూ, కొత్తదే గదా తెచ్చింది, ఎట్ల ఇరిగిపాయె?" అని యడిగెను. ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత దానిని విప్పించి, తెలిసినవారి నడిగి, మఱికొన్ని యంత్రములను పరిశీలించి, గ్రహించిన దానిని ఇచట చెప్పుచున్నాము.

రెండు జాతులు

ల్యాప్‌టాపులలో ముఖ్యముగా రెండు జాతులు కలవు. మొదటిది గృహోపయోగమునకు చేయబడునది. రెండవది సంస్థల ఉద్యోగులకై చేయబడునది. దీనినే వ్యాపారశ్రేణి యందురు. 1992లో ఐబిఎం ప్రారంభించి, 2005 నుండి లెనోవో చేయుచున్న థింక్‌ప్యాడ్, డెల్ సంస్థవారి లాటిట్యూడ్, 2008లో మొదలైన హెచ్‌పి ఎలైట్‌బుక్ ఈ రెండవ జాతికి చెందినవి.

సంస్థలు వీనిని ఒక్కొక్కటిగా గాక వందలు, వేలుగా కొనును. లేదా కొన్నేండ్లకు అద్దెకు తీసికొనును. ఒక భాగము చెడినచో పనివాడు దానిని త్వరగా విప్పి మార్చగలుగవలెను. అందుచేత వీని లోపలి నిర్మాణము మరమ్మతునకు అనుకూలముగా ఉండును. విప్పు విధమును బొమ్మలతో తెలుపు పుస్తకమును తయారీదారులే బహిరంగముగా ఉంచుదురు. గడువు తీరిన యంత్రములు పాత సరకుల విపణికి వచ్చును. మన హోసూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో ఇట్టి సరకు విస్తారముగా దొరకును. కావున మన ఎదుట నిలుచు ప్రశ్న యిది: గృహోపయోగపు కొత్తదానిని కొనవలెనా, వ్యాపారశ్రేణి పాతదానిని కొనవలెనా? పాతదానినే కొనుచో ఎంత పాతదానిని కొనవలెను?

దార్ఢ్యమనగా నేమి?

దార్ఢ్యమును మూడు స్థలములలో చూడవలెను.

మొదటిది మడతబందు. పైన చెప్పిన ల్యాప్‌టాపును విప్పి చూచినపుడు కారణము తేటపడినది. మడతబందును బిగించు మరలు ప్లాస్టిక్కులో పొదిగిన చిన్న ఇత్తడి బిళ్లలలోనికి పోవుచున్నవి. బందు బిగుసుకొనిన కొలది, తెర తెరచిన ప్రతిసారియు ఆ లాగుడంతయు ప్లాస్టిక్కుమీదనే పడును. ఒకనాటికి బిళ్లలు పెకలి వచ్చును. మంచి వ్యాపారశ్రేణి యంత్రములలో బందు లోపలి లోహపు చట్రమునకు బిగింపబడును. లాగుడును ఆ చట్రమే భరించును. తలుపు గట్టిదైనను ద్వారబంధము పుచ్చిపోయినచో నిలువదు గదా!

రెండవది పెట్టె. లోహమైనంతనే గట్టిదని, ప్లాస్టిక్కైనంతనే నాసిదని తలపరాదు. మెగ్నీషియము మిశ్రలోహము, కార్బను పోగులు చేర్చిన ప్లాస్టిక్కు, అల్యూమినియము అను మూడును మంచి యంత్రములలో వాడబడుచున్నవి. ఘన సెంటీమీటరు అల్యూమినియము 2.7 గ్రాములు తూగగా మెగ్నీషియము 1.74 గ్రాములే తూగును. అందువలననే తేలికయు గట్టిదనమును ఒక్కచోట కావలసినపుడు మెగ్నీషియమును ఎన్నుకొందురు. నల్లని రంగు క్రింద ఈ లోహమున్న పాత యంత్రము చూపునకు ప్లాస్టిక్కువలె కనబడును. వెండిరంగు పూసిన ప్లాస్టిక్కు లోహమువలె కనబడును. చూపును నమ్మక చేతితో పట్టి చూడవలెను.

మూడవది కీబోర్డు. ఇది తెలుగు వ్రాయువారికి మఱింత ముఖ్యము. భారత ప్రభుత్వము నిర్ణయించిన ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో "స్త్రీ" అను ఒక్క అక్షరమునకు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘగుడి అని ఆరు తాకిడులు కావలెను. "రాష్ట్రము" అను మాటకు తొమ్మిది. వత్తులు వచ్చినప్పుడెల్ల పొల్లునకై ఆంగ్లపు 'డి' మీటనే నొక్కవలసి యుండును. కావున మన భాషలో వ్రాయు పిల్లల చేతిలో ఆ మీటకు విశ్రాంతి యుండదు. మీటలు లోతుగా దిగి, స్పష్టముగా పైకి లేచు కీబోర్డు మనకు విలాసము కాదు, అవసరము.

పాతవాని బలము, బలహీనత

2011లో వచ్చిన థింక్‌ప్యాడ్ టి420ను ఉదాహరణముగా తీసికొందము. దానికి ఏడు వరుసల కీబోర్డు కలదు. మరునాటి సంవత్సరపు టి430లో ఆ పాతతీరు కీబోర్డును మార్చివేసిరి. టి420 బ్యాటరీ గడియను జరిపినంతనే ఊడి చేతికి వచ్చును. ర్యామును, డిస్కును మార్చుట సామాన్య పనివానికి కూడ సాధ్యము. "చింత చచ్చినా పులుపు చావదు" అన్నట్లు నేటికిని అట్టివి పనిచేయుచున్నవి.

అయినను వాని లోపములను దాచరాదు. బరువు రెండు కిలోలకు మించును. తెర నేటివానంత స్పష్టమైనది కాదు. అన్నిటికంటె ముఖ్యమైనది రక్షణ. విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11ను అధికారికముగా నడుపుటకు టిపిఎం 2.0 అను రక్షణభాగమును, ఇంటెల్ ప్రాసెసరైనచో సాధారణముగా 8వ తరమునకు తగ్గనిదియు కావలెను. టి420లోనిది 2వ తరము. దానిలో లినక్సును వేసికొని తెలుగులో చక్కగా వ్రాసికొనవచ్చును. కాని కళాశాలవారు విండోసుపై నడుచు సాధనములనే కోరినచో చిక్కు వచ్చును. పెట్టె గట్టిదైనంత మాత్రమున యంత్రము నేటి పనికి తగినదని చెప్పలేము.

కొత్తవాని బలము, బలహీనత

కొత్తవి తేలిక, తెర మంచిది, బ్యాటరీ ఎక్కువసేపు నిలుచును, వారంటీ యుండును. ఇవి చిన్న మేళ్లు కావు. పూర్వపు తిరుగుడు డిస్కులకు బదులు ఎస్‌ఎస్‌డిలు వచ్చుట వలన కుదుపులకు చెడు భయము కూడ తగ్గినది.

అయితే పలుచదనమునకై కొన్నిటిని వదలుకొనవలసి వచ్చినది. ఒకప్పుడు గాడిలో గ్రుచ్చిన ర్యామును ఇప్పుడు అనేక యంత్రములలో మదర్‌బోర్డునకే టంకము వేయుచున్నారు. 2018లో వచ్చిన టి480లో ర్యామునకు రెండు గాడులును, వెలుపల నుండి తీయదగిన బ్యాటరీయు కలవు. 2019లోని టి490లో ర్యాములో కొంత టంకము పాలై ఒక్క గాడియే మిగిలినది. బ్యాటరీ లోపలికి పోయినది. టంకము వేసిన ర్యాము చెడినచో బోర్డునే మార్చవలసిన గతి పట్టవచ్చును.

నాగలికి కర్రు అరిగినచో రైతు కర్రును మార్చును గాని నాగలిని పారవేయడు. కర్రును విడదీయరాని నాగలి యెంత నునుపైనదైనను రైతు దానిని కొనడు. కొత్త ల్యాప్‌టాపులను ఈ దృష్టితోనే చూడవలెను. కొత్తవన్నియు ఇట్టివే యనుట కూడ పొరపాటు. 2024లో వచ్చిన టి14 5వ తరము యంత్రములో ర్యామునకు మరల రెండు గాడులు ఏర్పడినవి. కావున యంత్రము పుట్టిన సంవత్సరమును బట్టి గాక దాని నిర్మాణమును బట్టి తీర్పు చెప్పవలెను.

మధ్యమార్గము

ఈ రెండు వాదములను కలిపి చూచినచో మనబోటి కుటుంబములకు మధ్యమార్గము కనబడును. విండోస్ 11ను అధికారికముగా నడుపగలంత కొత్తదియు, భాగములను మార్చుకొనగలంత పాతదియు నైన వ్యాపారశ్రేణి యంత్రము మేలు. 2018 ప్రాంతమునాటి థింక్‌ప్యాడ్ టి480, ఎలైట్‌బుక్ 840 జి5, లాటిట్యూడ్ 5490 అను వానిలో 8వ తరపు ప్రాసెసరుతో వచ్చినవి ఇట్టివి. మూడింటిలోను ర్యామునకు రెండేసి గాడులు కలవు.

తరమును గుర్తించుట సులభము. "ఐ5-8250యు" అనుదానిలో గీత తరువాతి 8 అంకె 8వ తరమును తెలుపును. "ఐ5-2520ఎం" 2వ తరము. అంగడివారు "ఇది ఐ7" అని మాత్రమే చెప్పినచో తృప్తిపడరాదు. 2వ తరపు ఐ7 కంటె 8వ తరపు ఐ5 చాల తరువాతిది.

అంగడిలో చేయవలసిన పరీక్ష

1. యంత్రమును మూసి బల్లపై నుంచుడు. నాలుగు మూలలును సమముగా ఆనవలెను. మధ్యభాగము ఉబ్బియున్నను, టచ్‌ప్యాడు పైకి లేచియున్నను బ్యాటరీ పొంగినదని అనుమానించి విడిచిపెట్టుడు. అది ప్రమాదకరము.

2. తెరను మెల్లగా పదిసార్లు తెరచి మూయుడు. కిఱ్ఱుమను ధ్వనియు, అంచులో చీలికయు ఉండరాదు. తెరచుచున్నపుడు బందు దగ్గర పెట్టె పైకి లేవరాదు.

3. ముందరి మూలను ఒక చేతితో ఎత్తి పట్టుడు. పెట్టె వంగరాదు.

4. ప్రతి మీటను నొక్కుడు. తెలుగు కీబోర్డును ఎన్నుకొని "రాష్ట్రము", "స్త్రీ", "జ్ఞానము" అను మాటలను వ్రాయుడు. తెలుగు అమరిక విండోసులోనే యుండును. వేఱుగా కొనవలసిన పని లేదు.

5. బ్యాటరీ నివేదికను తీయించి, తయారైననాటి సామర్థ్యమును, నేటి నిండు సామర్థ్యమును పోల్చుడు. 48 వాట్-గంటలలో 24 మాత్రమే మిగిలినచో సగము ఆయువు తీరినట్లు. కొత్త బ్యాటరీ ఖర్చును బేరములో లెక్కింపుడు.

6. చార్జరును తగిలించి తీగను కొంచెము కదల్చుడు. విద్యుత్తు ఆగి ఆగి వచ్చినచో ఆ రంధ్రము వదులైనదని అర్థము.

7. యంత్రమును ఆర్పి వెలిగించి బయాస్ లోనికి పోయి చూడుడు. పూర్వపు సంస్థవారి రహస్యపదము అడ్డు వచ్చినచో కొనవలదు.

8. వారంటీ ఎన్ని నెలలో రసీదుపై వ్రాయించుకొనుడు. నోటిమాట చాలదు.

మఱియొక హెచ్చరిక. కొన్ని యంత్రములమీద "మిల్-ఎస్‌టిడి-810 పరీక్షలో నెగ్గినది" అని వ్రాసియుండును. ఇది 1962లో మొదట వెలువడిన అమెరికా సైన్యపు పరీక్షావిధానము. అందు వేడి, తేమ, ధూళి, కుదుపు మున్నగు పరీక్షలు అనేకము కలవు. ఏ పరీక్షలను చేయవలెనో తయారీదారులే ఎంచుకొందురు. కావున ఆ మాట కొంత భరోసానిచ్చునే గాని, యంత్రము మేడమీదనుండి పడినను పగులదని హామీ యీయదు.

ముగింపు

తలిదండ్రులారా! ఇతరులు వాడిన వస్తువును బిడ్డకు ఇచ్చుట చిన్నతనమని కొందఱు సంకోచించుచున్నారు. ఇందు చిన్నతనమేమియు లేదు. పరీక్షింపక కొనుటయే నష్టము. కొత్తదే కావలెనన్నను కొనుడు. కాని అదే పరీక్షతో కొనుడు. విద్యార్థులారా! యంత్రము మీ చేతికి వచ్చిన పిమ్మట తెరను ఒక మూల పట్టి లాగక నడుమ పట్టి తెరువుడు. దుమ్మును తుడువుడు. మూసిన యంత్రముపై పుస్తకముల బరువు నుంచకుడు.

మొదట చెప్పిన ఆ తండ్రి రెండవమారు మమ్ము వెంటబెట్టుకొని అంగడికి వచ్చెను. వాడిన నల్లని యంత్రము నొకదానిని బల్లపై నుంచి, మేము చెప్పకమునుపే దానిని వ్రేలితో తట్టి చూచెను; తెరను తెరచి మూసెను; మూలను ఎత్తి చూచెను. మూడు యంత్రములను కాదని నాలుగవదానిని కొనెను. అది నేటికిని ఆ బాలిక చదువునకు తోడై యున్నది. ఆనాడు మేము చెప్పలేకపోయిన సమాధానమును ఆయన తన చేతులతోనే కనుగొనెనని మా సంతోషము.

అభ్యాసము

1. మడతబందు విరుగుటకు కారణమేమి? వ్యాపారశ్రేణి యంత్రములో ఆ లాగుడును ఏది భరించును?

2. ఒక బ్యాటరీ తయారైననాటి సామర్థ్యము 48 వాట్-గంటలు. నేటి నిండు సామర్థ్యము 36. ఎంత శాతము మిగిలియున్నది?

3. "శాస్త్రము" అను మాటను ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో వ్రాయుటకు ఎన్ని తాకిడులు కావలెనో లెక్కింపుడు.

4. మీ ఇంటిలోని ఏదేని పాత పనిముట్టును పరిశీలించి, దానిలో మార్చదగిన భాగములేవో పది పంక్తులలో వ్రాయుడు.