ముందు దిద్దాల్సిన తప్పు

భువనగిరి

చెల్లెకు,

ఇక్కడి నర్సింగ్ కాలేజీలో నీకు ఇంగ్లీషు కొలువు ఖాయమైందని అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. సిలబస్ పుస్తకం పంపమన్నావట. అది కాలేజీలోనే ఇస్తారు. వార్డుల్లో డ్యూటీలు చేసి, ఆ తర్వాత నర్సింగ్ పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఆ పుస్తకంలో లేని సంగతులు కొన్ని నేను రాస్తాను. నువ్వు వచ్చేలోగా ఒకసారి నిమ్మళంగా చదువుకో.

నువ్వు ఇఫ్లూలో ఎం.ఏ. చేశావు. 1958లో ఆ సంస్థ పుట్టిందే ఇంగ్లీషు టీచర్లకు నేర్పడానికి. కాబట్టి పాఠం ఎట్లా చెప్పాలో నేను నీకు చెప్పేదేం లేదు. కానీ నీకు ఇంగ్లీషు వచ్చు, వార్డు తెలియదు. నీ పిల్లలు రేపోమాపో వార్డులో ఉంటారు, ఇంగ్లీషంటే జంకుతారు. ముందు నువ్వు వాళ్ళ దగ్గర కొంత నేర్చుకోవాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

వాళ్ళెవరో కూడా చెబుతాను. ఆలేరు, మోత్కూరు, రామన్నపేట, వలిగొండ, పోచంపల్లి దిక్కు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే ఆడపిల్లలే ఎక్కువ. చాలామంది జిల్లా పరిషత్ బడిలో తెలుగు మీడియం చదివినవాళ్ళు. తండాల నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, హైదరాబాద్ పోతే హిందీ మాట్లాడతారు. ఇంగ్లీషు వాళ్ళకు నాలుగో భాష. మూడు భాషలు అలవోకగా మాట్లాడే పిల్లను 'వీక్ స్టూడెంట్' అని ఎవరైనా నీ ముందు అంటే నమ్మకు.

ఇక్కడ నర్సుకు ఇంగ్లీషు ఎందుకని అడుగుతావేమో. పేషెంటు తెలుగులోనే మాట్లాడతాడు, లేకపోతే ఉర్దూలో. కానీ కేస్ షీటు ఇంగ్లీషు, మందుల చార్టు ఇంగ్లీషు, డిశ్చార్జ్ సమ్మరీ ఇంగ్లీషు. పక్కనే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది. 2019లో అక్కడ మొదటి ఎంబీబీఎస్ బ్యాచ్ మొదలైంది. ఎయిమ్స్‌లకు నర్సింగ్ ఆఫీసర్లను దేశమంతటికీ కలిపి పెట్టే నార్సెట్ పరీక్షతో తీసుకుంటారు. అందుకే ఒకే వార్డులో రాజస్థాన్ నర్సు, కేరళ నర్సు, మన మోత్కూరు పిల్ల కలిసి డ్యూటీ చేసే రోజులివి. వాళ్ళ మధ్య ఒక పేషెంటు సంగతి చేతులు మారాలంటే హిందీ కావాలి, లేదా ఇంగ్లీషు కావాలి. కాగితం మీదికి వచ్చేసరికి ఇంగ్లీషే దిక్కు.

2021లో వచ్చిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో కమ్యూనికేటివ్ ఇంగ్లీష్ మొదటి సెమిస్టరులోనే ఉంది. ఆ తర్వాత పేపరు లేదు. అంటే నీకు దొరికే సమయం చాలా తక్కువ. అంత తక్కువలో అన్ని తప్పులూ దిద్దడం ఎవరి వల్లా కాదు. అందుకే ఏ తప్పును ముందు దిద్దాలన్న లెక్క నీకు ఉండాలి. నా లెక్క ఇది: తప్పు ఎంత పెద్దదో వ్యాకరణ పుస్తకాన్ని అడగకు, ఆ తప్పు వల్ల మంచం మీది మనిషికి ఏం జరుగుతుందో చూడు.

'పేషెంట్ ఈజ్ హావింగ్ పెయిన్' అని రాసిందనుకో. పుస్తకం ప్రకారం ఒప్పుకోరు. పేషెంటుకు ఏమీ కాదు. వదిలెయ్. 'ద' పెట్టాల్సిన చోట 'ఎ' పెట్టింది. అదీ వదిలెయ్. 'టూ అవర్స్ బ్యాక్' వాంతి అయిందని చెప్పాల్సింది 'ఫర్ టూ అవర్స్' అని చెప్పింది. ఇక్కడ ఆగాలి. ఒక్కసారి అయిన వాంతి రెండు గంటలపాటు ఆగకుండా అయినట్టు డాక్టరుకు వినబడింది. కాలం చెప్పే మాటలు, అంకెలు, మందుల పేర్లు, కుడి ఎడమలు, 'కాదు, లేదు' అనే మాటలు: ఈ అయిదింటిలో తప్పు వస్తే ఎర్ర సిరా వాడు. మిగతావాటికి సమయం మిగిలితే చూద్దువు.

అంకెల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తెలుగులో పదిహేనుకూ యాభైకీ ఎక్కడా పోలిక లేదు. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ పక్కపక్కనే ఉంటాయి. ఏ అక్షరం మీద ఊనిక పడిందో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది, మన చెవికేమో ఆ ఊనికతో పని పడలేదు. ఫోనులో, అందులోనూ రాత్రి పూట, ఫ్యాన్ చప్పుడులో, ఆ చివరి 'న్' వినబడదు. దీనికి మందు చాలా తేలిక. 'ఫిఫ్టీన్, వన్ ఫైవ్' అని అంకెలు విడగొట్టి చెప్పించు. వినేవాళ్ళ చేత కూడా అట్లాగే తిరిగి చెప్పించు. థర్టీన్, థర్టీ నుంచి నైంటీన్, నైంటీ దాకా రోజూ క్లాసు మొదట్లో అయిదు నిమిషాలు ఇదే ఆట ఆడించు.

రాతలో ఇంకో ప్రమాదం ఉంది. అమెరికాలో దవాఖానలకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో రాయకూడని గుర్తుల జాబితా ఒకటి పెట్టింది. ఇన్సులిన్ దగ్గర యూనిట్లకు బదులు ఒంటి 'యు' అక్షరం రాస్తే అది సున్నాలా కనబడి నాలుగు యూనిట్లు నలభై అవుతాయి. 1.0 అని రాస్తే చుక్క కనబడక పది అవుతుంది. .5 అని రాస్తే అయిదు అవుతుంది. అందుకే 'యూనిట్స్' అని పూర్తిగా రాయాలి, 1 అనే రాయాలి, 0.5 అని ముందు సున్నా పెట్టి రాయాలి. స్పెల్లింగ్ పాఠం అనుకుంటూ నువ్వు దీన్ని చెప్పినా చాలు, ఎక్కడో ఒక మనిషికి మేలు జరుగుతుంది.

మందుల పేర్లలోనూ అంతే. డోపమైన్, డోబుటమైన్ రెండూ వేర్వేరు మందులు. హైడ్రాలజిన్ బీపీకి, హైడ్రాక్సిజిన్ దురదకు. ఇట్లాంటి జంటలను పక్కపక్కన రాసి, బోర్డు దిక్కు చూడకుండా విని రాయించు. మందుల పొరపాట్లు తగ్గించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే మొదలుపెట్టింది. నీ డిక్టేషన్ క్లాసు కూడా అందులో భాగమే అనుకో.

ఇప్పుడు అన్నిటికంటే పెద్ద తప్పు చెబుతాను. అది ఏ వ్యాకరణ పుస్తకంలోనూ దొరకదు. దాని పేరు 'ఎస్ సర్'.

రౌండ్స్‌లో డాక్టరు గబగబా నాలుగు మాటలు చెబుతాడు. పిల్లకు రెండే అర్థమవుతాయి. మళ్ళీ అడిగితే 'ఇంత కూడా రాదా' అంటాడని భయం. 'ఎస్ సర్' అంటుంది. ఆ తర్వాత పక్క బెడ్ దగ్గరున్న సీనియర్‌ను గుసగుసగా అడుగుతుంది, ఆమె కూడా సగమే విని ఉంటుంది. ఒక దవాఖానలో రాత్రి డ్యూటీలో ఒక జూనియర్ ఫోనులో డోసు విని 'ఎస్ సర్' అని పెట్టేసింది. ఎంత చెప్పారని ఇంచార్జి సిస్టర్ అడిగితే పదిహేనో యాభయ్యో తేల్చుకోలేకపోయింది. సిస్టర్ తిట్టలేదు. అక్కడే నిలబెట్టి మళ్ళీ ఫోన్ చేయించింది, డోసు తిరిగి చెప్పించింది. ఆ పిల్లకు ఇంగ్లీషు రాక కాదు. అడగడానికి నోట్లో సిద్ధంగా ఒక వాక్యం లేకపోయింది.

ఆ వాక్యం ఇచ్చే పని నీది. 'సారీ సర్, కుడ్ యూ రిపీట్ ద డోస్?' 'లెట్ మీ రీడ్ దట్ బ్యాక్ టు యూ, సర్.' 'డిడ్ యూ సే వన్ ఫైవ్ ఆర్ ఫైవ్ జీరో?' ఈ మూడూ మొదటి వారంలోనే నోటికి రావాలి, నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టు. తనను తాను పరిచయం చేసుకునే వాక్యాలు రెండో వారంలో చెప్పినా ఏ నష్టమూ లేదు. నీ క్లాసులో కూడా ఈ పద్ధతి నడవాలి. నువ్వు చెప్పింది అర్థం కాలేదని లేచి అడిగిన పిల్లను మెచ్చుకో. అర్థమైందా అని నువ్వు అడిగినప్పుడు అందరూ కలిసి 'ఎస్ మేడమ్' అంటే అది జవాబు కింద లెక్కపెట్టకు.

డ్యూటీ మారేటప్పుడు ఒక షిఫ్ట్ వాళ్ళు ఇంకో షిఫ్ట్ వాళ్ళకు పేషెంటును అప్పజెప్పే మాటలు కూడా నేర్పాలి. దీనికి ఎస్‌బార్ అనే పద్ధతి ఉంది. అమెరికా నౌకాదళంలో, జలాంతర్గాముల్లో పుట్టి దవాఖానల్లోకి వచ్చింది. ఇప్పుడేం జరుగుతోంది, ముందు ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, ఏం చేయాలి: నాలుగు మెట్లు, అదే వరుసలో. మొదటి మూడు మన పిల్లలకు త్వరగానే పట్టుబడతాయి. నాలుగో మెట్టు దగ్గర ఆగిపోతారు. డాక్టరుకు మనం చెప్పేదేంటని అనుకుంటారు. 'సర్, ఐ వుడ్ లైక్ యూ టు సీ ద పేషెంట్ నౌ' అని చెప్పడంలో అమర్యాద లేదని పదిసార్లు అనిపిస్తేగానీ ఆ జంకు పోదు.

ఒక అభ్యాసం చెబుతాను, ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చూడలేదు. ముగ్గురిని కూర్చోబెట్టు. ఒకామె పేషెంటు, మన ఊరి తెలుగులోనే మాట్లాడాలి. 'నిన్న మాపటి సంది ఛాతీల బరువున్నది బిడ్డా, ఎడమ చెయ్యి గుంజుతున్నది, చెమటలు పోస్తున్నయి, ఒక గోలీ వేసుకున్న గానీ తక్కువ కాలే.' రెండో ఆమె దాన్ని విని, అడగాల్సినవి తెలుగులోనే అడిగి, మూడో పిల్లకు ఎస్‌బార్ వరుసలో ఇంగ్లీషులో చెప్పాలి. మన నర్సు రోజంతా చేసే పని ఇదే. వినడం తెలుగులో, చెప్పడం ఇంగ్లీషులో. ఏ గోలీ వేసుకుందో అడగడం మరిచిపోయిన పిల్ల, ఇంగ్లీషు ఎంత చక్కగా మాట్లాడినా, ఆ రోజు తప్పినట్టే లెక్క.

మర్యాద సంగతి ఒకటి గమనించు. 'కొంచెం చెయ్యి చాపమ్మా' అని తెలుగులో ఎంత మెత్తగా అంటారో, అదే పిల్లలు ఇంగ్లీషులోకి రాగానే 'గివ్ హ్యాండ్' అంటారు. వాళ్ళు కటువు మనుషులు కారు. తెలుగులో ఆ మెత్తదనమంతా 'అమ్మా', 'కొంచెం', 'అండి' మోస్తాయి, ఇంగ్లీషులో అవి పడిపోతాయి. 'కుడ్ యూ', 'ఐ యామ్ గోయింగ్ టు', 'దిస్ మే హర్ట్ ఎ లిటిల్' లాంటివి వాటి స్థానంలో పెట్టించు. సూది పొడిచే ముందు ఏం చేయబోతున్నామో చెప్పాలన్న అలవాటు ఇంగ్లీషులో వస్తే తెలుగులోనూ నిలుస్తుంది. పేషెంటుకు మందులు వివరించాక 'ఎట్లా వేసుకుంటావో నాకొకసారి చెప్పు అవ్వా' అని తిరిగి చెప్పించడం కూడా అంతే. డాక్టరు డోసును మనం తిరిగి చెప్పినట్టే, మనం చెప్పింది పేషెంటు తిరిగి చెప్పాలి.

యాస గురించి తల్లిదండ్రులు, మేనేజ్‌మెంట్ నిన్ను పీడిస్తారు. 'ఎలెవన్'ను 'యెలెవన్' అన్నా, 'బెడ్'ను 'బెడ్డు' అన్నా నవ్వకు, నవ్వనివ్వకు. ఎదుటివాళ్ళకు అర్థమైతే చాలు. అర్థం చెడేచోట మాత్రమే పట్టుకో.

క్లాసులో సగం మంది కళ్ళు విదేశాల మీద ఉంటాయి, అది తప్పు కాదు. బ్రిటన్‌లో నర్సుల రిజిస్ట్రేషన్ చూసే ఎన్‌ఎంసీ 2017 నవంబరు నుంచి ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షను కూడా ఒప్పుకుంటోంది. వినడం, చదవడం, మాట్లాడడంలో బీ గ్రేడ్, రాతలో సీ ప్లస్ రావాలి. మాట్లాడే పరీక్షలో రెండు రోల్‌ప్లేలు, ఒక్కొక్కటి అయిదు నిమిషాలు, ముందు మూడు నిమిషాలు కార్డు చదువుకోవడానికి. పేషెంటు భయాన్ని పట్టించుకుందా, చెప్పింది అర్థమైందో లేదో చూసుకుందా అన్నదానికీ అందులో మార్కులున్నాయి. రాతలో కేస్ నోట్స్ ఇచ్చి ఉత్తరం రాయమంటారు, 180 నుంచి 200 మాటలు. నోట్స్‌లో ఉన్నదంతా ఎక్కించకుండా, ఉత్తరం అందుకునేవాళ్ళకు ఏం కావాలో అదే ఏరి రాయడం అసలు పరీక్ష. చూశావా, నేను ఇందాక చెప్పినవే మళ్ళీ వచ్చాయి. వార్డు కోసం నేర్పితే పరీక్షకూ పనికొస్తుంది. పరీక్ష కోసం బట్టీ పట్టిస్తే వార్డుకు మిగలదు.

ఇంకొకటి, పైసల సంగతి. లక్షలు తీసుకుని లండన్ పంపిస్తామనే ఏజెంట్లు పిల్లల ఫోన్లలోకి వస్తారు. కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లైసెన్స్ చూసుకున్నాకే ఎవరితోనైనా మాట్లాడమని చెప్పు. మన రాష్ట్ర సర్కారు సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది, జర్మనీ పోయే నర్సులకు అక్కడి భాష నేర్పించి పంపుతోంది. ఇంగ్లీషు మేడమ్ మాట పిల్లలు వింటారు. ఆ పలుకుబడిని ఇందుకు వాడు.

క్లాసు మొదలుపెట్టేముందు ఒక పొద్దున ఏదైనా వార్డులో డ్యూటీ మారే వేళకు వెళ్ళి నిలబడు. నోటుబుక్కు పట్టుకుని ఏమేం మాటలు వినబడ్డాయో రాసుకో. ఇంచార్జి సిస్టర్‌తో నేను ముందే మాట్లాడి పెడతాను. ఆ పుటలే నీ మొదటి నెల పాఠాలు.

సెమిస్టరు ఆఖరుకు రాత పరీక్ష ఎట్లాగూ పెట్టాలి. దాంతో పాటు ఇంకో చిన్న పరీక్ష పెట్టు. పక్క గదిలో కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఒక మందు పేరు, ఒక డోసు కొంచెం గొణిగినట్టు చెప్పు. మళ్ళీ చెప్పమని అడిగి, తిరిగి చదివి వినిపించిన పిల్లకు, వాక్యంలో ఎన్ని తప్పులున్నా, పూర్తి మార్కులు వెయ్యి. 'ఎస్ మేడమ్' అని ఫోన్ పెట్టేసిన పిల్లకు, ఎంత చక్కని ఇంగ్లీషులో అన్నా సరే, సున్నా.

ఇట్లు,
నీ అక్క