వెనుకకు పిలువబడిన మోటారుకార్లు

మోటారుకారును గూర్చి మాటలాడునప్పుడు మనము సామాన్యముగా దాని వేగమునే పొగడుదుము. కాని వేగముగా పోగల శక్తికంటె, నిలువవలసినచోట నిలువగల శక్తియే ముఖ్యమైనది. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఒక్క సెకనులో ఇంచుమించు 17 మీటర్లు సాగిపోవును. దారికి అడ్డముగా ఒక బిడ్డ పరుగెత్తివచ్చినచో, ఆ 17 మీటర్లే ప్రాణమునకును మరణమునకును నడుమనుండు దూరము కావచ్చును. కావున బ్రేకు పనిచేయు విధమును, అందు లోపము బయలుపడినప్పుడు చేయవలసిన పనిని విద్యార్థులును తలిదండ్రులును ఎరిగియుండుట మేలు.

మొదట బ్రేకు సంగతి చూతము. కారు నడుపువాడు పాదముతో పెడలును త్రొక్కగా, ఆ ఒత్తిడి మాస్టరు సిలిండరు అను గొట్టములోని పిస్టనును ముందునకు నెట్టును. అందు బ్రేకు ఆయిలు నిండియుండును. మూసియుంచిన ద్రవముపై ఒకచోట కలుగజేసిన పీడనము అన్నివైపులకును సమానముగా ప్రసరించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశస్థుడగు బ్లేజ్ పాస్కల్ తెలిపెను. ఈ నియమము ననుసరించియే పీడనము సన్నని గొట్టములగుండ చక్రములకు చేరి, బ్రేకు ప్యాడ్లను తిరుగుచున్న డిస్కులకు అదిమిపట్టును. ఆ ఒరిపిడివలన చక్రము నెమ్మదించి నిలుచును.

అయితే బరువైన కారును నిలుపుటకు పాదబలమొక్కటే చాలదు. అందుచేత పెడలునకును మాస్టరు సిలిండరునకును నడుమ బూస్టరు అను గుండ్రని లోహపు డిప్పను అమర్తురు. ఒక రబ్బరు పొర దాని లోపలి భాగమును రెండు గదులుగా చేయును. ఒక గదిలోని గాలిని ఇంజనుగాని, దానితో తిరుగు పంపుగాని పీల్చివేయును. పెడలును త్రొక్కినప్పుడు రెండవ గదిలోనికి బయటి గాలి ప్రవేశించి, పొరను నెట్టి, మన పాదమునకు సాయపడును.

ఈ బూస్టరు చెడినచో ఏమగునో ఒక నిజమైన ఉదాహరణమువలన తెలిసికొందము. 2022వ సంవత్సరము మే నెలలో జర్మనీ దేశపు మెర్సిడెస్-బెంజ్ కంపెనీవారు ఎమ్.ఎల్., జి.ఎల్., ఆర్. అను తరగతులకు చెందిన తమ పాత కార్లను పరీక్షకై వెనుకకు పిలిచిరి. ఇట్టివి అమెరికా సంయుక్త రాష్ట్రములలోనే 2,92,000కు పైగా నుండెను. ప్రపంచమంతట కలిపి ఇంచుమించు 10 లక్షలు. బూస్టరు డిప్పయొక్క అతుకును కప్పుచు ఒక రబ్బరు తొడుగు కలదు. పెక్కేండ్లు నీరు తగులుటవలన ఆ తొడుగు క్రింద తేమ నిలిచి, లోహము తుప్పుపట్టవచ్చునని తేలినది. పైనుండి చూచువానికి తొడుగే కనబడును గాని తుప్పు కనబడదు. మొదట పెడలు త్రొక్కునప్పుడు పాదమునకు భేదము తోపవచ్చును. బుస్సుమని గాలి శబ్దము వినబడవచ్చును. తుప్పు మిక్కిలి ముదిరినచో, పెడలునకును బ్రేకులకును గల సంబంధమే తెగిపోవచ్చును.

పరీక్ష జరుగువరకు ఆ కార్లను నడుపవలదని కంపెనీవారు యజమానులకు తెలిపిరి. కారును తామే ఉచితముగా లాగించుకొనిపోవుదుమనిరి. తొడుగును తీసి చూచి, తుప్పు ముదిరియున్నచో బూస్టరును మార్చుటయే చికిత్స. దాని వ్యయము యజమానిపై పడదు.

ఇది కేవలము కంపెనీల దయవలన జరుగునది కాదు. అమెరికాలో 1966 సెప్టెంబరు 9వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ వాహనభద్రతా చట్టముపై సంతకము చేసెను. లోపము తెలిసినప్పుడు యజమానులకు తెలుపవలెనని ఆ చట్టము శాసించెను. 1974లో దానిని సవరించి, మరమ్మతును సైతము ఉచితముగా చేయవలెనని నిర్ణయించిరి. మన దేశమున 2012 నుండి కంపెనీలు తమంతట తాము ఒక నియమావళిని పాటించుచు వచ్చెను. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణచే 110-ఎ అను సెక్షను చేరి, 2021 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చినది. దానినిబట్టి, ప్రమాదకరమగు లోపముగల వాహనములను వెనుకకు పిలువుమని కేంద్ర ప్రభుత్వము కంపెనీని ఆజ్ఞాపింపవచ్చును. అప్పుడు కంపెనీవారు పైకము తిరిగి చెల్లించుటయో, వేరొక బండి నిచ్చుటయో, మరమ్మతు చేయుటయో జరుగవలెను.

ఇక యజమాని చేయవలసిన పని. ప్రతి కారునకును 17 అక్షరములును అంకెలును గల ఛాసిస్ నంబరు ఉండును. అది రిజిస్ట్రేషను పత్రములో కనబడును. పెక్కు కంపెనీల వెబ్‌సైటులలో ఆ నంబరును వ్రాసి, తమ కారు పిలువబడినదో లేదో చూచుకొనవచ్చును. లేక కంపెనీ సర్వీసు కేంద్రమునకు పోయి అడుగవచ్చును. పిలుపు ఉన్నచో ఆలస్యము చేయక దినము కుదుర్చుకొనవలెను. నడుపవలదని వ్రాసియున్నచో, సర్వీసు కేంద్రమువరకు సైతము నడుపరాదు; లాగించుకొని పోవలెను. పని ముగిసిన పిమ్మట, ఏ భాగమును పరీక్షించిరో, దేనిని మార్చిరో తెలుపు కాగితమును అడిగి పుచ్చుకొని, దాచియుంచవలెను.

ఈ ఏర్పాటులో ఒక సందు కలదు. కంపెనీవారు తమకు తెలిసిన చిరునామాకే ఉత్తరము వ్రాయుదురు. కారు రెండవవాని చేతికో మూడవవాని చేతికో మారినచో, ఆ ఉత్తరము మొదటివాని యింటికి పోయి అచ్చటనే ఉండిపోవచ్చును. తుప్పు పట్టునవి సామాన్యముగా పాత కార్లు. పెక్కు చేతులు మారునవియు పాత కార్లే. అనగా హెచ్చరిక యెవరికి అత్యవసరమో వారికే అది అందకపోవచ్చును. కావున పాత కారు కొనువారు ధర బేరమాడుటకు ముందే ఛాసిస్ నంబరునుబట్టి పిలుపు ఏదైన మిగిలియున్నదేమో విచారింపవలెను. కారును అమ్మినవారు తమకు వచ్చిన ఉత్తరమును క్రొత్త యజమానికి అందజేయవలెను. చట్టము ఎంత మంచిదైనను, కంపెనీ ఎంత త్వరపడినను, కారు సర్వీసు కేంద్రమునకు చేరువరకు తుప్పు తన పనిని మానదు.

విద్యార్థులారా, కొందరి యిండ్లలో ఇట్టి పత్రములు చదువగలవారు మీరొక్కరే కావచ్చును. కారుగాని, మోటారుసైకిలుగాని, అద్దెకు త్రిప్పు ఆటోగాని మీ యింట ఉన్నచో, ఈ సెలవులలో దాని రిజిస్ట్రేషను పత్రమును తీసి, నంబరును వ్రాసికొని, విచారించి, పెద్దలకు చెప్పుడు. పావుగంట పని. ఆ బండిలో కూర్చుండువారికే గాక, దాని యెదుట దారి దాటువారికిని అది క్షేమము.